దర్స్ గది నిర్మాణానికి విరాళాల విజ్ఞప్తి

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలోని మా గ్రామ జామా మసీదులో ఇషా (రాత్రి) నమాజు తర్వాత జరిగే దర్స్‌కు (ఖుర్‌ఆన్ పాఠానికి) విడిగా ఒక గదిని, దానికి ఆనుకొని మహిళలు వేరే ద్వారం గుండా వచ్చి కూర్చునేందుకు ఒక వరండాను కట్టించాలని కమిటీ నిర్ణయించింది. మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న పెద్దలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇందుకు సహకరించాలని కోరుతున్నాము.

1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఈ ప్రాంతంలో ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ మరాఠీ నడుస్తాయి. ఖుర్‌ఆన్‌ను ఉర్దూ, తెలుగు అనువాదాలతో కలిపి చదువుకోవడానికి మొదలైన ఈ దర్స్, తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) మరాఠీలో ఇచ్చిన సాత్‌బారాను (పొలం రికార్డు నకలును) చదివించుకోవడానికి రైతులు వచ్చే చోటు కూడా అయింది.

అన్నిటికన్నా మేలు చేసింది బఖరా సూరా (అధ్యాయం)లోని 282వ వాక్యం. ఖుర్‌ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆ వాక్యం, గడువు పెట్టుకున్న అప్పును రాసుకోవాలని, బాకీదారే చెప్పి రాయించాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగుపడవద్దని ఆదేశిస్తుంది. అది చదివాకే మా ఊళ్లో చేబదుళ్లకు చీటీ రాసుకునే అలవాటు వచ్చింది. మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్లు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సును, రోజూ ఒలిచిన కాయల తూకాన్ని ఒకే నోటుపుస్తకంలో రాసుకొని లెక్క తేల్చుకుంటున్నారు. గంపలు పక్కపక్కనే ఉంటాయి కనుక ఆ పుస్తకంలో హిందూ కూలీల పేర్లు కూడా ఉన్నాయి. ఇబ్బందుల్లో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వమనే 280వ వాక్యాన్ని మాత్రం, సోయాబీన్ వానకు తడిసిన ఏడు, అప్పిచ్చినవారికి మళ్లీ మళ్లీ చదివి వినిపించవలసి వచ్చింది.

ప్రస్తుతం దర్స్ నమాజు హాలులోనే జరుగుతున్నందున ఆలస్యంగా వచ్చి నమాజు చేసుకునేవారికి అంతరాయం కలుగుతున్నది. మహిళలు ప్రహరీ అవతల ఒక ఇంటి అరుగుమీద కూర్చొని వింటున్నారు. వాన పడితే ఆ రోజుకు వారి చదువు అంతే. మినార్లకు రంగులంటే చందా త్వరగా పోగవుతుందని, చదువుకునే గది అంటే తటపటాయింపు ఎదురవుతుందని కమిటీకి తెలియనిది కాదు. అయినా ఈసారి రంగుల పనిని వాయిదా వేశాము.

ఈ నిర్మాణానికి దయచేసి జకాత్ (విధిగా ఇవ్వవలసిన దానం) సొమ్ము ఇవ్వవద్దు. తౌబా సూరా 60వ వాక్యం జకాత్‌కు ఎనిమిది వర్గాలవారిని హక్కుదారులుగా నిర్దేశించింది. కట్టడాలు వాటిలోకి రావని అధిక సంఖ్యాక ఉలమాల (ధర్మ పండితుల) అభిప్రాయం. సదఖా (స్వచ్ఛందంగా ఇచ్చే దానం), లిల్లాహ్ (అల్లాహ్ కోసం ఇచ్చే విరాళం) మొత్తాలను, లేదా ఇటుక, ఇసుక, సిమెంటును స్వీకరిస్తాము. గల్ఫ్‌లో పనిచేస్తున్న భారత పౌరులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద మాకు నమోదు లేనందున విదేశీ పౌరుల విరాళాలు తీసుకోలేము.

ప్రతి విరాళానికి రసీదు ఇస్తాము. జమాఖర్చుల పట్టికను ప్రతి జుమా నాడు మసీదు గుమ్మం దగ్గర అంటిస్తాము. పేరు వద్దన్న దాతల పేరు రాయము గాని, మొత్తం మాత్రం తప్పక రాస్తాము. గది గోడమీద ఎవరి పేరుతోనూ శిలాఫలకం ఉండదు.

ఇట్లు,
జామా మసీదు కమిటీ