మా దుకాణం పైగది గురించి మీకు చెప్పాల్సిన మాట

మా దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం.

హనుమకొండ చౌరస్తా దగ్గర మా స్టేషనరీ, జిరాక్సు దుకాణం పైగదిలో మంగళ, శుక్రవారాలు సాయంత్రం పెద్దవాళ్లు కొందరు కూర్చుని ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటారని మీలో చాలామందికి తెలుసు. గడచిన ఆరు నెలల్లో ఆ కూటమిని నేనే చెడగొట్టాను. ఎలా చెడిందో, వచ్చే నెల నుంచి ఏమి మారుస్తున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అసలు ఇది మొదలైంది కౌంటర్ దగ్గర. 2022లో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చాక, పిల్లల డైరీలు పట్టుకుని "ఇందులో ఏమి రాశారమ్మా" అని అడిగే తల్లులు, నానమ్మలు ఎక్కువయ్యారు. చదివి చెప్పేదాన్ని. ఒకరోజు కుమార్‌పల్లి నుంచి వచ్చే ఒక పెద్దమ్మ, "నువ్వు చదివి చెప్పడం ఎన్నాళ్లమ్మా, ఆ టీచరుతో నేనే నాలుగు మాటలు మాట్లాడాలి" అన్నారు. ఆ వారమే పైగదిలో కాగితాల కట్టలు పక్కకు జరిపి కుర్చీలు వేశాం. రుసుము లేదు, పుస్తకం లేదు. టీ మాత్రం వంతులవారీగా ఎవరో ఒకరు తెప్పించేవారు.

క్రమంగా పద్నాలుగు మందిమి అయ్యాం. వారిలో కారు కిరాయికి నడిపే ఒక అన్న ఉన్నారు. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక పాలంపేటకు తీసుకెళ్లే బేరాల్లో తెలుగు రానివాళ్లూ ఉంటున్నారు. నీళ్లలో తేలే ఇటుకతో శిఖరం కట్టారని వాళ్లకు తన నోటితో చెప్పాలని ఆయన పట్టుదల. ఇటుకల సంగతి రెండు వారాల్లో వచ్చేసింది కానీ, 'వియ్' అనే చిన్న మాట దగ్గర ఆగిపోయారు. మనకు మనం వేరు, మేము వేరు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట. "రేపు లక్నవరం వెళ్తాం అంటే ఎదుటివాళ్లు కూడా ఉన్నట్టా, లేనట్టా?" అని ఆయన అడిగిన రోజు గదిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

తర్వాత పైగది అద్దె పెరిగింది. నెలకు మూడు వందలు పెట్టాను. డబ్బు అడగడం తప్పని నేను అనుకోను. తప్పు ఆ తర్వాత జరిగింది. తీసుకున్న డబ్బుకు తగ్గట్టు ఏదో ఇవ్వాలని బోర్డు కొన్నాను, వ్యాకరణం పేజీలు జిరాక్సు తీసి పంచాను, హాజరు వేశాను, పరీక్ష కూడా పెట్టాను. నేను మాట్లాడుతుంటే వాళ్లు రాసుకునేవారు. మాట్లాడటానికి వచ్చినవాళ్ల చేతికి పెన్నులిచ్చి కూర్చోబెట్టాను.

ఒక శుక్రవారం ఆ పెద్దమ్మ సర్వపిండి ఎలా చేస్తారో చెప్పడం మొదలుపెట్టారు. "ఎవ్రీ సండే ఐ విల్ మేక్" అన్నారు. అక్కడే ఆపి, 'విల్' ఉండకూడదన్నాను. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు దాటి, పిండిని గిన్నె అడుగున ఒత్తడం దాకా వచ్చారు. మళ్లీ 'విల్', మళ్లీ ఆపాను. వేలితో చిల్లులు పెట్టి నూనె వేయడం దగ్గర మాట దొరక్క, గాలిలో వేలు పొడిచి చూపించారు. నేను మూడోసారి ఆపాను. వేలు అలాగే కాసేపు నిలిచింది, తర్వాత చెయ్యి ఒళ్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె మళ్లీ నోరు విప్పలేదు, మరుసటి వారం రాలేదు.

ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే తెలిసింది. 'చేస్తాను' అని మనం రోజూ చేసే పనికీ అంటాం, రేపు చేయబోయే పనికీ అంటాం. ఆమె తెలుగు లెక్కకు సరిగ్గా సరిపోయే ఇంగ్లిష్ మాట్లాడారు. ఆ తేడా తర్వాతైనా చెప్పవచ్చు, ముందు సర్వపిండి పొయ్యి దిగాలి కదా. ఒక్కొక్కరే తగ్గి, పోయిన నెలకు ఐదుగురం మిగిలాం.

వచ్చే నెల నుంచి రుసుము లేదు. అద్దె కోసం పగటిపూట ఆ గదిలో బైండింగ్ పని పెడుతున్నాను, జిరాక్సు ధర పెంచను. ఈ నెలకు కట్టినవారి డబ్బు పేరు రాసిన కవర్లలో కౌంటర్ దగ్గర ఉంది, తీసుకోండి. అంతకుముందు నెలలది అద్దెకు పోయింది, అది తిరిగి ఇవ్వలేకపోతున్నాను.

ఎవరు మాట్లాడుతున్నా చివరిదాకా ఆపకూడదు, ముఖ్యంగా నేను ఆపకూడదు. చెప్పడం పూర్తయ్యాక, జవాబిచ్చేటప్పుడు వాళ్ల వాక్యాల్లో ఒక్కదాన్ని సరైన రూపంలో నేను పలుకుతాను, అంతే. బస్సు, బుక్కు అని చివర 'ఉ' చేరితే పట్టించుకోను. అచ్చుతో ముగించడం మన నోటికి అలవాటు, వినేవాళ్లకు అర్థమవుతుంది. ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ తేడా మాత్రం వదలను, కిరాయి మాట్లాడేటప్పుడు అక్కడే నష్టపోతారు.

ఇంగ్లిష్ బాగా వచ్చిన విద్యార్థులు సాయం చేస్తామంటున్నారు. తప్పకుండా రండి, కానీ పాఠం చెప్పకండి. పక్కన కూర్చుని ఓపికగా వినండి, ఒక ప్రశ్న అడగండి. వాళ్లకు మాట వెతుక్కునే సమయం ఇవ్వండి.

మొన్న ఆదివారం కుమార్‌పల్లి వెళ్లి పెద్దమ్మను క్షమించమని అడిగాను. మంగళవారం సర్వపిండి చేసుకుని వస్తానన్నారు.

మంగళ, శుక్రవారాల్లో ఏడింటికి కూర్చుంటాం కాబట్టి జిరాక్సు ఆరున్నరకే ఆపుతాను. దరఖాస్తులు, హాల్‌టికెట్ల వంటి అత్యవసరమైనవి ఉంటే మెట్ల దగ్గర నిలబడి పిలవండి, దిగి వచ్చి తీసి ఇస్తాను.