మానిటర్ ఆపితే కంప్యూటర్‌కి తాళం పడినట్టు కాదు

సంపాదకుల గారికి,

పర్లాకిమిడిలో నాకో చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. జిరాక్సు, ఆధార్ ప్రింట్లు, కాలేజీ దరఖాస్తులు, బ్యాంకు ఫారాలు అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే. ఊళ్లోవాళ్లే కాదు, సరిహద్దు దాటి పాతపట్నం వైపు నుంచి కూడా వస్తారు. మీ పేపర్లో ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని తరచూ రాస్తున్నారు, మంచిదే. కానీ ఆ ఆధార్లు, పాస్‌బుక్కులు తెరిచి ఉన్న కంప్యూటర్‌ని వదిలేసి టీకి వెళ్లిపోయే నాలాంటివాళ్ల సంగతి ఎవరూ రాయడం లేదు.

నాకు బుద్ధి వచ్చింది కిందటి వానాకాలంలో. ఒక అమ్మాయి డిగ్రీ దరఖాస్తు సగం నింపి, ఆవిడ కుల ధ్రువపత్రం కోసం ఇంటికెళ్తే, నేను మానిటర్ బటన్ నొక్కేసి పక్క బడ్డీకి టీకి వెళ్లాను. వరసలో ఉన్న ఒక కుర్రాడు మానిటర్ ఆన్ చేసి, తన హాల్‌టికెట్ వెతుక్కుంటూ ఏదో నొక్కాడు. కేటగిరీ తప్పు ఉండగానే ఫారం సబ్మిట్ అయిపోయింది. కొత్తగా మళ్లీ పెట్టి, ఆ ఫీజు నా జేబులోంచి కట్టాను. ఆ అమ్మాయి వాళ్ల నాన్న పల్లెత్తు మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

మానిటర్ ఆపితే తెర నల్లబడుతుందంతే, లోపల అన్నీ తెరిచే ఉంటాయి. లేచేటప్పుడు కీబోర్డు కింది వరసలో నాలుగు గళ్ల బొమ్మ ఉన్న విండోస్ కీ పట్టుకుని ఎల్ నొక్కితే చాలు, లాక్ పడుతుంది. ప్రింటు ఆగదు, డౌన్‌లోడ్ ఆగదు, తిరిగొచ్చి పాస్‌వర్డ్ కొడితే ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఆ కీ పని చేయకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి లాక్ ఎంచుకోవచ్చు. విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత సిస్టమ్ ఉన్నవాళ్లకీ విండోస్ కీ, ఎల్ కలిపితే సరిపోతుంది. అయితే అకౌంట్‌కి పాస్‌వర్డే పెట్టకపోతే ఈ లాక్ ఉత్తదే, ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. మా వీధిలో సగం షాపులు ఇంతే, మిగతా సగం పాస్‌వర్డ్ పెట్టి ఆ చీటీ మానిటర్‌కే అంటిస్తారు!

మతిమరుపు వాళ్లకి స్క్రీన్ సేవర్ ఉంది. స్టార్ట్‌లో ఆ పేరు కొట్టి, మూడు నిమిషాలో అయిదు నిమిషాలో పెట్టుకుని, దాని పక్కన లాగాన్ స్క్రీన్ (పాస్‌వర్డ్ అడిగే తెర) చూపించమనే చిన్న గడిలో టిక్ పెట్టాలి. చాలామంది ఆ టిక్ వదిలేస్తారు, అప్పుడు మౌస్ కదిపితే చాలు తెరుచుకుంటుంది. ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపి, మనం దూరం వెళ్లగానే దానంతటదే పడే డైనమిక్ లాక్ కూడా 2017 నుంచి విండోస్ 10లో ఉంది. పెట్టి చూశాను. టీ బడ్డీ పక్కనే కావడంతో సిగ్నల్ అక్కడిదాకా అందుతోంది, లాక్ పడి చావదు.

మా సరిహద్దు ఊళ్లకి ఇంకో తిప్పలు ఉంది. ఒకరికి తెలుగులో, ఇంకొకరికి ఒడియాలో, మరొకరికి ఇంగ్లీషులో టైపు చేస్తాం. ఒడియాలో ఉండగా లాక్ వేసి వచ్చి ఇంగ్లీషు అనుకుని పాస్‌వర్డ్ కొడితే ఎన్నిసార్లైనా తప్పే అంటుంది, జనం ముందు ఒకటే టెన్షన్. కంగారు పడక్కర్లేదు, తెర కింద కుడి మూల ఉన్న భాష గుర్తు మీద నొక్కి ఇంగ్లీషుకి మార్చుకుంటే పని అయిపోతుంది.

మీరు ఓటీపీ హెచ్చరిక వేసే చోట ఒకసారి ఈ విండోస్, ఎల్ రెండు కీల బొమ్మ కూడా వేయండి. కత్తిరించి మా వీధి షాపులవాళ్లకి పంచుతాను, మానిటర్ మీద ఆ చీటీ ఉన్న చోట అంటించుకోమని.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సెంటర్ యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా