ఆదివారం చర్చ: చచ్చినా తీరని అప్పులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు జరిగే మన కాల్పనిక కథల సమావేశంలో, మరణంతో అప్పులూ ఒప్పందాలూ రద్దుకాని లోకాల గురించి చర్చిస్తాం. పరలోకంలో తీర్చాలనే షరతుపై గాల్ జాతీయులు (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు ప్రాచీన ప్రజలు) అప్పులిచ్చుకునేవారని రోమన్ రచయిత వలేరియస్ మాక్సిమస్ రాశాడు. మన దేశంలో తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే నియమాన్ని 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం, అది అమలైన తర్వాత చేసే అప్పుల విషయంలో, తొలగించింది.

ప్రతి ఒక్కరూ పేజీకి మించకుండా ఒక లోకాన్ని కల్పించి, శనివారం రాత్రిలోగా గ్రూపులో పెట్టాలి. ప్రోనోటు ఎవరి దగ్గర ఉంటుందో, హామీదారు బతికే ఉంటే వసూలు ఎవరి నుంచో, కాలదోషం ఎప్పుడు పడుతుందో అందులో తప్పక తేల్చండి. చిత్రగుప్తుడి చిట్టా చూపి తప్పించుకోవద్దు, అది అందరికీ తట్టేదే.

గత నెల టీ ఖర్చు బాకీ ఉన్నవారు దాన్ని ఈ లోకంలోనే చెల్లించవలసిందిగా మనవి.