సుబ్బూ, ఆ అమ్మాయి పద్దు పుస్తకం గురించి

నిషి కసాయి, టోక్యో
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరానికి జవాబు రాయడం బాగా ఆలస్యమైంది. తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. తిట్టుకో, కానీ ఇది మాత్రం చివరిదాకా చదువు. ఫోన్లోనే చెప్పొచ్చు గానీ నువ్వు మధ్యలో అడ్డం పడతావు, అసలు సంగతి పక్కకి పోతుంది. కాగితం మీదైతే నన్ను ఆపలేవు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. అందరం బాగున్నాం. అమ్మ మోకాలు తగ్గింది, మెట్లెక్కుతోంది. పిల్లాడు బళ్ళో జపనీస్, ఇంట్లో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడుతున్నాడు. ఆఫీసులో మార్చి దాకా ఊపిరాడదు. మీ చెల్లెలు మీ ఇద్దర్నీ అడిగినట్టు రాయమంది. రాశాను. అంతే.

ఇక అసలు విషయం. పోయినసారి నువ్వన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. జపాన్ పాటల గురించి, డబ్బు కట్టకుండా నెట్లోంచి దింపుకోవడం గురించి మాట్లాడుతూ, "వాళ్ళు మనకి అమ్మరు, మనం దింపుకుంటే తప్పేంటి?" అన్నావు. ఆ వేళ నా దగ్గర సరైన జవాబు లేదు. నిన్న దొరికింది. నేను వెతికి పట్టుకున్నది కాదు, ఇండోనేషియాలోని సురబాయా నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేతిలో పెట్టి వెళ్ళింది.

నిన్న షిబుయాలో టవర్ రికార్డ్స్ అనే పాటల డిస్కుల షాపుకి వెళ్ళాను. నీకు ఫొటో పంపాను చూడు, పసుపు బిల్డింగ్ మీద ఎర్ర అక్షరాలు, అదే. అమెరికాలో ఆ షాపులు 2006లోనే మూతపడ్డాయి. ఇక్కడి కంపెనీ అంతకు ముందే విడిపోయింది కాబట్టి నిలబడింది. ఇప్పటికీ అంతస్తు మీద అంతస్తు పాటలే. ఇంకో సంగతి, నీకు నచ్చుతుంది. అరల్లో పేర్లన్నీ జపాన్ అక్షరాల వరసలో సర్దుతారు: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాలకి దగ్గర చుట్టం. సంస్కృత వర్ణక్రమం బౌద్ధంతోపాటు ఇక్కడికి వచ్చి అలా స్థిరపడిపోయింది. ఓనమాలు దిద్దినవాడు ఈ షాపులో దారి తప్పడు. మన "మూడో మెట్టు" మాష్టారు వింటే ఎంత సంబరపడేవారో!

నేను "య" అర దగ్గర గాయకుడు యామాషితా తత్సురో డిస్కుల కోసం చూస్తున్నాను. పక్కన "త" అర ముందు తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఒక అమ్మాయి చేతిలో నోటుపుస్తకంతో నిలబడింది. ముప్పై దాటి ఉంటాయి. గాయని తకెఉచి మరియా పేరు కంజీలో, అంటే జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాల్లో, ఎలా ఉంటుందో గుర్తుపట్టలేక, చదివిపెట్టమని నన్ను అడిగింది. తీసిచ్చాను. నోటుపుస్తకం తెరిచి ఆ పేరు పక్కన నీలం పెన్నుతో టిక్కు పెట్టుకుంది. చూస్తే పేజీ నిండా పేర్లు. ప్రతి పేరు పక్కనా ఏదో సంవత్సరం. కొన్నిటికి నీలం టిక్కులు, కొన్నిటికి ఎర్ర సున్నాలు.

ఏంటివి అని అడిగాను. ఉండబట్టలేకపోయాను రా. ఎర్ర సున్నా అంటే కాలేజీలో ఉండగా డౌన్‌లోడ్ చేసుకుని విన్నది, ఆ సంవత్సరం విన్న సంవత్సరం. నీలం టిక్కు పడితే దాని అసలు డిస్కు కొన్నట్టు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాగే ఉంది, కాకపోతే ఇక్కడ పద్దు రాసుకుంది అప్పిచ్చినవాడు కాదు, అప్పు చేసిన మనిషి. ఎవరూ అడగని అప్పు. మొదటిసారి జపాన్ వస్తూ ఆ పుస్తకం వెంట తెచ్చుకుంది.

ఇద్దరం అక్కడే పక్కకి నిలబడి మాట్లాడుకున్నాం. తను చెప్పింది వింటుంటే సగం నీ వాదనే, నిజం చెప్తున్నాను. ఇక్కడ కొత్త ఆల్బమ్ దాదాపు మూడు వేల యెన్‌లు. పాతబడినా ధర తగ్గదు. పుస్తకాలకీ పాటల డిస్కులకీ కంపెనీ పెట్టిన ధరకే షాపులు అమ్మేలా ఒప్పందం చేసుకోవచ్చని 1953లోనే చట్టంలో మినహాయింపు ఇచ్చారు. దాని మీద తపాలా ఖర్చు. ఒక్క డిస్కు సురబాయా చేరేసరికి ఆ అమ్మాయి నెల మెస్సు బిల్లంత అయ్యేదట. పోనీ నెట్లో కొందామంటే, ఆపిల్ వాళ్ళ ఐట్యూన్స్ జపాన్ దుకాణం 2005 ఆగస్టులో తెరిచారు గానీ జపాన్ కార్డు, జపాన్ చిరునామా కావాలి. జపాన్ గిఫ్ట్ కార్డుల కోడ్‌లు ఎక్కువ ధరకి కొని ఆ దారిన కూడా కొన్ని పాటలు కొందట. అక్కడా సోనీ మ్యూజిక్ జపాన్ పాటలు 2012 నవంబర్ దాకా రానేలేదు. వీడియో చూద్దామంటే "మీ దేశంలో అందుబాటులో లేదు". ఆ వాక్యం నీకూ నాకూ హాస్టల్ గోడ మీద రాసినంత బాగా గుర్తు కదా?

ఇక్కడ నీకో విషయం చెప్పాలి, ఇది నీ వైపు మాటే. ఇక్కడి కుర్రాళ్ళకి దొంగదారి అంతగా అవసరం పడలేదు. ఎందుకో తెలుసా? రికార్డుల అద్దె షాపులు. 1980లో టోక్యో పక్క మితాకాలో కొందరు విద్యార్థులు మొదటిది తెరిచారు. తర్వాత ఊరూరా పాకిపోయాయి. రికార్డు కంపెనీలు గోల చేశాయి. 1984లో చట్టం సవరించి అద్దె మీద హక్కు పెట్టారు, అద్దె డబ్బులో పాటవాళ్ళకి వాటా వెళ్ళేలా. రెండు మూడు వందల యెన్‌లకి డిస్కు అద్దెకి తెచ్చుకుని ఇంట్లో తన కోసం కాపీ చేసుకోవచ్చు, అంతా చట్టబద్ధం. అంటే చూడు, అదే పాట, అదే వయసు కుర్రాడు. వాడు మితాకాలో పుడితే మూడు వందలు ఇచ్చి దర్జాగా వింటాడు. సురబాయాలోనో బెజవాడలోనో పుడితే వాడికి మూడు వేలూ తపాలా ఖర్చూ, లేకపోతే దొంగ అన్న పేరు. మధ్యలో దారే లేదు. ఈ సంగతి విన్నప్పుడు నాకు ఆ కంపెనీల మీద నిజంగానే కోపం వచ్చింది. 2012 అక్టోబర్ నుంచి దొంగ డౌన్‌లోడ్‌కి రెండేళ్ళ జైలు దాకా శిక్ష పెట్టారు, ఆ ఉత్సాహం బయటివాడికి ఒక కిటికీ తెరవడంలో చూపించి ఉంటే ఎంత బాగుండేది!

ఇదంతా ఆ అమ్మాయితో అంటే తను నవ్వి, "నాకు కోపం లేదు. నా బాధ వేరు" అంది. ఏంటంటే, ఇన్నేళ్ళు విన్నా తను ఎవరి లెక్కలోకీ రాలేదట. సురబాయాలో కూర్చుని రాత్రంతా ఆ గొంతు వింటున్న పిల్ల ఒకతి ఉందని ఆ గాయనికి గానీ, కంపెనీలో టేబుల్ ముందు కూర్చున్నవాడికి గానీ తెలిసే దారి లేదు. దొంగచాటుగా విన్న వినికిడి ఎవరికీ వినపడదు. ఆ మాట అనేటప్పుడు తన వేలు ఒక ఎర్ర సున్నా మీద ఉంది. గాయని మత్సుబారా మికి పేరు పక్కన.

ఆవిడ పాట నువ్వే నాకు పంపావు కదరా, "స్టే విత్ మీ" అని వస్తుంది, అదే. 1979 పాట. 2020లో ఇండోనేషియా అమ్మాయి రైనిచ్ జపనీస్‌లోనే పాడి పెట్టింది. ఆ ఏడాది చివర్లో అసలు పాట స్పాటిఫై గ్లోబల్ వైరల్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. నలభై ఏళ్ళ నాటి పాట! అప్పుడు లెక్క కనపడింది. ఏ దేశంలో ఎంతమంది వింటున్నారో కంపెనీకి తెలిసింది. కానీ మికి గారు 2004లోనే పోయారు. ఒక్క మనిషీ ఆవిడకి చెప్పలేకపోయాడు. నాకు అక్కడ గొంతు పట్టేసింది. సరే, ఇది పక్కన పెడతా, మళ్ళీ రాస్తాను.

నువ్వు వెంటనే "ప్లాస్టిక్ లవ్" ఎత్తుతావని తెలుసు. ఎత్తు. 1984 నాటి తకెఉచి మరియా పాట. 2017లో ఎవరో అభిమాని అనుమతి లేకుండా యూట్యూబ్‌లో పెడితేనే ప్రపంచమంతా విన్నది. ఫొటో హక్కుల గొడవతో కొన్నాళ్ళు తీసేశారు కూడా. రికార్డు కంపెనీ వార్నర్ జపాన్ 2019లో అధికారికంగా వీడియో పెట్టింది. నిజమే, దొంగదారే ముందు నడిచింది. కాదనను. కానీ ఆ పాట విన్న జనం వీళ్ళ డిస్కుల కోసం ఇలా షాపులకి వచ్చి అర ముందు నిలబడ్డారు చూడు, ఆ రెండో సగం నువ్వు ఎప్పుడూ చెప్పవు.

అసలు ఘట్టం ఇప్పుడు. పుస్తకంలో ఒక పేరు, 90ల నాటి చిన్న బృందం. కౌంటర్లో నేనే అడిగిపెట్టాను. అబ్బాయి కంప్యూటర్లో చూసి, కొత్తది ఇక లేదు, ముద్రణ ఆపేశారు, సెకండ్ హ్యాండ్ షాపుల్లో చూడండి అన్నాడు. దగ్గర్లోనే ఒకటి ఉంది, తీసుకెళ్తా పద అన్నాను. తను కదల్లేదు. పాతది కొంటే డబ్బు ఎవరికి వెళ్తుంది అని అడిగింది. షాపుకి అన్నాను. పాడినవాళ్ళకి? ఏమీ వెళ్ళదు. మరైతే నాకు టిక్కు ఎలా వస్తుంది అంది. చట్టప్రకారం అది కూడా కొన్నట్టే కదా అని నేనూ వాదించాను, నువ్వు నా స్థానంలో ఉన్నా అదే అనేవాడివి. "చట్టంతో నాకు పేచీ లేదు, ఈ పుస్తకంతోనే" అంది. ఆ ఎర్ర సున్నా అలాగే ఉంచేసింది. కాసేపు ఆలోచించి, ఆ బృందంలో పాడినాయన తర్వాత ఒంటరిగా చేసిన ఆల్బమ్ కొత్తది దొరుకుతుందా అని అడిగింది. దొరికింది! దాని వెన్ను మీద ఓబి, అదే, నిలువుగా చుట్టే కాగితం పట్టీ, అది నలగకుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చింది. సున్నా పక్కన చిన్న బాణం గీసి ఈ పేరు రాసుకుంది. టిక్కు మాత్రం పెట్టలేదు.

ఐదు వేల యెన్‌ల పైన కొన్నందుకు పర్యాటకురాలిగా తనకి పన్ను పడలేదు, పది శాతం మిగిలింది. పాస్‌పోర్టు చూపించి, లెక్క చూసుకుని, చేతిలో డబ్బు ఇంకొంచెం కలిపి మళ్ళీ లోపలికి పరిగెత్తి మరో డిస్కు తెచ్చింది. దాని పేరు పుస్తకంలో లేదు. "ఇది అప్పు కాదు, ఇది నాకు" అంది. ఆ ముఖం చూసి ఉండాల్సింది రా నువ్వు.

ఇప్పుడు చెప్పు. 2005లో నీ మాట న్యాయమే, ఒప్పుకుంటాను. కానీ ఆపిల్ మ్యూజిక్ 2015లో, స్పాటిఫై 2016లో జపాన్ వచ్చాయి. 2019 నుంచి స్పాటిఫై మన దేశంలోనూ ఉంది. నువ్వు ఎన్నాళ్ళో మూసి ఉన్న తలుపు గురించి మాట్లాడుతున్నావు, అది చాలావరకు తెరిచేశారు. ఇంకా తెరవనివాళ్ళు ఉన్నారు, యామాషితా గారే ఉన్నారు. ఆయన స్ట్రీమింగ్‌కి ఇవ్వనన్నారు. 2022లో వచ్చిన "సాఫ్ట్‌లీ" ఆల్బమ్ కూడా సీడీ, ఎల్పీ, క్యాసెట్ మాత్రమే. అది ఆయన ఇష్టం. ఆయన పాట ఆయన ఎలా వినిపించాలనుకుంటే అలా. దూరంలో ఉన్న మనకి అది కష్టమే, అయినా కష్టమైందని మనమే తీసేసుకోవడం వేరు కదా? ఇక్కడే మనకి ఎప్పుడూ తగాదా, ఆ రైలు ప్రయాణంలో లాగా...

అందుకే యామాషితా గారి "ఫర్ యూ" ఎల్పీ నీ కోసం తీశాను. 1982ది, 2023లో కొత్తగా వేశారు. అట్ట మీద సుజుకి ఎయిజిన్ బొమ్మ చూస్తే నీకు ఆ ఎండాకాలం గుర్తొస్తుంది, నేను చెప్పను ఏ ఎండాకాలమో. కానుక కాదు సుమా, డబ్బు నువ్వే పంపాలి. రూపాయి తగ్గినా ఒప్పుకోను. ఇంకో పని కూడా ఉంది. హాస్టల్లో నీ హార్డ్ డిస్కులో ఉన్నవన్నీ ఒక కాగితం మీద రాసి పంపు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఏవేవి కొత్తవి దొరికితే అవి తెస్తాను. ముద్రణ ఆగిపోయినవి ఏం చేద్దామో, ఆ అమ్మాయి పద్ధతే మంచిదా, లేక పాడినవాళ్ళ కచేరీ టికెట్టు కొని...

అమ్మ పిలుస్తోంది, పిల్లాడికి జ్వరంలా ఉందిట. ఇదే కవర్లో పెట్టి పొద్దున పోస్టు చేసేస్తా. జాబితా మర్చిపోకు.

నీ
రాజు