ఎగుమతిదారుడి వాయిదా ఆగింది, మా వదిన డ్వాక్రా వాయిదా ఆగలేదు

సంపాదకుడు గారికి,

మన రొయ్యల మీద అమెరికా వేసిన సుంకాల గురించి 2025 ఆగస్టు నుంచి మీ పత్రికలో వస్తున్న వార్తలు దాదాపు అన్నీ చదువుతున్నాను. ఎగుమతిదారులు ఏమంటున్నారు, చెరువు దగ్గర వంద కౌంట్ (కిలోకి వంద తూగే) రొయ్య ధర ఎంత పడిపోయింది, ఢిల్లీ ఏం చెప్పింది, అన్నీ వచ్చాయి. రొయ్య తల తీసి పొట్టు వలిచే ఆడవాళ్ల సంగతి మాత్రం నాకు ఎక్కడా సరిగా కనిపించలేదు, అందుకే ఈ ఉత్తరం.

మా వదిన భీమవరం దగ్గర ఒక ప్లాంటులో ఎనిమిదేళ్లుగా పీలింగ్ చేస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి వీధి చివరికి వ్యాన్ వచ్చేది, మా పేట నుంచే పద్నాలుగు మంది ఎక్కేవారు. రోజంతా నిలబడి ఐసు నీళ్లలో చేతులు పెట్టాలి, తల తీయాలి, పొట్టు వలవాలి, వీపు మీద నల్ల నరం లాగాలి. డబ్బులు కిలో లెక్కన. వేళ్లు ఒరిసిపోయి కూర కలుపుకుంటే కారం మంటకి తట్టుకోలేక పెరుగన్నంతో లేచిపోయిన రాత్రులు నేను చూశాను. అయినా ఆ పనితోనే కూతుర్ని ఇంటర్ చదివించింది, ఇంటికి రేకులు తీసి శ్లాబ్ వేయించింది, కాబట్టి ఎగుమతులే వద్దనేవాళ్లతో నేను కలవను.

సెప్టెంబర్ నుంచి ఆ వ్యాన్ వారానికి రెండు మూడు రోజులే వస్తోంది. ముందురోజు రాత్రి కూలీలను కుదిర్చే మేస్త్రీ ఫోన్ చేస్తే పని ఉన్నట్టు, చేయకపోతే లేనట్టు.

2024-25లో మన దేశం 7 లక్షల 41 వేల టన్నుల ఫ్రోజెన్ రొయ్యలు ఎగుమతి చేస్తే అందులో 3 లక్షల 11 వేల టన్నులు అమెరికాకే వెళ్లాయి, ఆ సరుకులో ఎక్కువ భాగం మన చెరువులదే. అలా ఒక్క దేశం మీద ఇంతగా ఆధారపడ్డాక 2025 ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతం అయింది, మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ వేసే పాత యాంటీ డంపింగ్ సుంకం లాంటివి కూడా కలిపితే రొయ్యకు 58 శాతం దాటింది. మనతో పోటీగా రొయ్యలు అమ్మే ఈక్వెడార్ మీద కొత్తగా వేసింది 15 శాతమే. అమెరికా కొనుగోలుదారుడు ఎటు వెళ్తాడో చెప్పక్కర్లేదు.

సాయం అందలేదని నేను అనడం లేదు. నవంబర్‌లో కేంద్రం ఎగుమతుల ప్రోత్సాహానికి 25,060 కోట్లతో ఒక మిషన్ ప్రకటించింది, ఎగుమతిదారులకు తాకట్టు లేకుండా 20,000 కోట్ల వరకు అప్పు దొరికేలా గ్యారంటీ ఇచ్చింది, సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా కట్టాల్సిన వాయిదాలకు గడువు ఇచ్చే వీలును రిజర్వు బ్యాంకు కల్పించింది. మంచిదే, ప్లాంటు నిలబడితేనే పని ఉంటుంది. కానీ అదే నాలుగు నెలలూ మా వదిన డ్వాక్రా వాయిదా ఒక్క రోజు కూడా ఆగలేదు. తను కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలి, వాళ్లలో ఇంకో ముగ్గురు అదే వ్యాన్ ఎక్కేవాళ్లు. చివరికి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసినవి) అమల్లోకి వచ్చాయి. పని లేక కూర్చోబెడితే సగం జీతం ఇవ్వాలని వాటిలో ఉంది, కానీ అది మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) పేరు ఉండి ఏడాది సర్వీసు నిండినవాళ్లకే, క్యాజువల్ కూలీకి రాదు. కార్మికుల బీమా అయిన ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద ఉద్యోగం పోతే 90 రోజుల వరకు సగం వేతనం ఇస్తారు, అది రావాలంటే ముందు ఈఎస్ఐలో పేరు ఉండాలి కదా. ఎనిమిదేళ్లు చేసిన మనిషికి మేస్త్రీ నోటుబుక్కులో తప్ప ఎక్కడా పేరు లేదు. 2025 జూన్‌లో మన రాష్ట్ర కేబినెట్ పెట్టుబడుల కోసమని రోజుకి పని గంటలు తొమ్మిది నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. పని ఉన్న రోజు ఇంకో గంట చేయించుకోవడం మీద పెట్టిన శ్రద్ధ, పని లేని రోజు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్న దాని మీద ఎందుకు పెట్టరు?

విదేశీ వ్యాపారం వల్ల పని పోయినవాళ్లకు భృతి ఇచ్చి కొత్త పని నేర్పించే ఏర్పాటు అమెరికా 1962లోనే చేసుకుంది (2022 జూలై నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదనుకోండి), యూరప్ వాళ్లకూ ఇందుకోసం ఒక ఫండ్ ఉంది. మనం అంత దూరం వెళ్లకపోయినా, సుంకాల పేరుతో ప్రభుత్వ సాయం తీసుకునే ప్రతి ప్లాంటూ కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లతో సహా అందరి పేర్లూ ఈఎస్ఐ, పీఎఫ్‌లో నమోదు చేయాలనే షరతు పెట్టడానికి ఖజానా నుంచి పెద్దగా ఖర్చేమీ కాదు. గడువు ఎలాగూ ఎగుమతిదారులకు ఇచ్చారు కాబట్టి ఈ కూలీలున్న డ్వాక్రా గ్రూపులకు కూడా అదే నాలుగు నెలలు ఇవ్వమని అడుగుతున్నాను.

మీకు ఒక విన్నపం. ఒక విలేకరిని తెల్లవారుజామున నాలుగింటికి భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు వ్యాన్లు ఆగే చోటికి పంపండి. అక్కడ నిలబడి ఉన్నవాళ్లలో ఎంతమందికి ఈఎస్ఐ కార్డు ఉందో అడిగి, ఆ లెక్క మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా