సోషలిజం పాఠం పే స్లిప్పుతో మొదలవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

‘కుర్రకారు మళ్ళీ సోషలిజం వైపు చూస్తోంది’ అన్న మాట ఈమధ్య వ్యాసాల్లోనూ, టీ కొట్ల దగ్గరా తరచుగా వినబడుతోంది. 2025 నవంబరులో జోహ్రాన్ మమ్‌దానీ డెమోక్రటిక్ సోషలిస్టునని బాహాటంగా చెప్పుకుని, 34 ఏళ్ళ వయసులో న్యూయార్క్ మేయరుగా గెలిచాక ఈ మాట మరీ ఎక్కువైంది. ఇంటద్దెలు పెరగకుండా ఆపడం, సిటీ బస్సులు ఉచితం చేయడం, నగరపాలక సంస్థే కిరాణా దుకాణాలు నడపడం ఆయన ఎన్నికల హామీలు. విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల హాస్టల్ గదుల్లో ఉంటున్న పిల్లలకు ఆ హామీలు రీల్స్ రూపంలో చేరాయి. వాళ్ళకూ అద్దె బాధే ఉంది కాబట్టి అతుక్కుపోయాయి.

విజయవాడ, గుంటూరుల్లో ఆదివారం పూట అధ్యయన తరగతులు నడిపేవాళ్ళం కనుక చెబుతున్నాం, ఈ ఆసక్తి నిజమే. నిలవడమే కష్టంగా ఉంది. మొదటి ఆదివారం గది చాలదు, నాలుగో ఆదివారానికి కుర్చీలే మిగులుతాయి. ఈ కాలప్పిల్లలకు ఓపిక లేదని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. మా లెక్కలో తప్పు పిల్లలది కాదు, పాఠం మొదలుపెట్టే చోటుది. ఉద్యోగం దొరక్కో, దొరికిన ఉద్యోగంలో పన్నెండు గంటలు ఉండలేకో వచ్చినవాడిని కూర్చోబెట్టి 1917 నాటి రష్యా విప్లవం నుంచి మొదలుపెడితే, రెండో వారానికి స్టాలిన్ మంచివాడా చెడ్డవాడా అన్న వాదన లేస్తుంది. మూడో వారం అది వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతుంది. అక్కడితో తరగతి ముగిసినట్టే.

పే స్లిప్పుతో మొదలుపెడితే ఏం జరుగుతుందో చూడండి. క్యాంపస్‌లో ‘మూడు లక్షల ప్యాకేజీ’ అన్నారనుకుందాం. నెలకు 25,000. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సంగతి పక్కన పెట్టి ఒక మామూలు నమూనా వేస్తే బేసిక్ 12,500, ఇంటద్దె భత్యం 5,000, స్పెషల్ అలవెన్సు 4,800, వెరసి 22,300. మిగతా 2,700 ఎక్కడ? యాజమాన్యం వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం లెక్కన 1,500, గ్రాట్యుటీ పేరిట బేసిక్‌లో 4.81 శాతం అంటే 601, బీమా ప్రీమియం 599. ఈ మూడూ కూడా ప్యాకేజీలోనే కలిపేశారు. ఇక 22,300 నుంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 1,500, వృత్తిపన్ను 200 పోతే చేతికొచ్చేది 20,600. యాజమాన్యం కట్టే 1,500లోనూ బేసిక్ మీద 8.33 శాతం, అంటే 1,041, పింఛను పద్దుకు పోతుంది. పీఎఫ్ ఖాతాలో పడేది 459 మాత్రమే. గ్రాట్యుటీ అయితే మామూలుగా అయిదేళ్ళు పనిచేస్తేనే వస్తుంది. రెండేళ్ళకే మానేసే పర్మినెంటు ఉద్యోగి విషయంలో ఆ 601 కాగితం మీద జీతమే తప్ప జేబులోకి రాదు. ఇంత లెక్క బోర్డు మీద వేసేసరికి గదిలో ఫోన్లు పక్కకు పోతాయి. ప్రతివాడూ తన స్లిప్పు తెరిచి చూసుకుంటాడు.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. పే స్లిప్పు చూపించి ‘ఇదిగో అదనపు విలువ’ అనేస్తారు కొందరు ఉపన్యాసకులు. పనివాడు తన జీతానికి మించి సృష్టించి యజమానికి మిగిల్చే విలువకు మార్క్స్ పెట్టిన పేరు అది. పే స్లిప్పులో అది కనబడదు. ఉద్యోగికి ఇవ్వాలని నిర్ణయించిన సొమ్ము ఏ గళ్ళలో సర్దారన్నదే అందులో ఉంటుంది. అతని పని వల్ల కంపెనీకి ఎంత వచ్చిందో తెలియాలంటే కంపెనీ తన ఖాతాదారుకు వేసిన బిల్లు కావాలి. దొరకడం కష్టం. ఔట్‌సోర్సింగ్ పనిలో మాత్రం ఒక దారి ఉంది. సెక్యూరిటీ, పారిశుధ్యం పనులకు ప్రభుత్వ కార్యాలయాలు పిలిచే టెండరు పత్రాల్లో మనిషికి ఎంత, పీఎఫ్ ఎంత, ఏజెన్సీ సర్వీసు ఛార్జీ ఎంత అన్నది సాధారణంగా విడివిడిగా ఉంటుంది. ఆ కాగితాన్నీ, అదే పని చేసే మనిషి బ్యాంకు ఖాతాలో పడిన మొత్తాన్నీ పక్కపక్కన పెట్టాలి. అప్పుడు కూడా తేడా అంతా లాభమే అనకూడదు. యూనిఫాం, పరికరాలు, అప్పు మీద వడ్డీ, పన్నులు తీసి చూపించాలి. అవి తీయకుండా వేసిన లెక్కను వాణిజ్యశాస్త్రం చదివిన ఏ అమ్మాయో లేచి అయిదు నిమిషాల్లో కూలగొడుతుంది. ఆ తర్వాత మీరేం చెప్పినా ఎవరూ నమ్మరు.

డెలివరీ చేసే కుర్రాళ్ళకు పే స్లిప్పే ఉండదు. వాళ్ళ చేత లెక్క కట్టించాలి. ఊహాంకాలతో ఒక రోజు తీసుకుందాం. పన్నెండు గంటలు లాగిన్‌లో ఉండి 1,100 వచ్చింది. 130 కిలోమీటర్లు తిరిగాడు. బండి లీటరుకు 45 ఇస్తే 2.9 లీటర్లు, లీటరు 110 చొప్పున 318 రూపాయలు. ఆయిలు, టైర్లు, చైను, బ్రేకులు కిలోమీటరుకు 70 పైసలు వేసుకుంటే 91. బండి వాయిదా నెలకు 3,120 అయితే 26 రోజులకు పంచితే రోజుకు 120. ఖర్చు 529 పోను మిగిలింది 571. గంటకు 48 రూపాయలు కూడా లేదు. చాలామంది పెట్రోలు ఒక్కటే తీసేసి ఏడొందల ఎనభై మిగిలిందనుకుంటారు. ఆర్డరు కోసం హోటలు ముందు నిలబడ్డ సమయాన్ని పనిగంటల్లో కలపరు. ఈ రెండు తప్పులూ సరిచేస్తే చాలు, అసలు ప్రశ్న వాళ్ళ నోటే వస్తుంది: బండి నాది, పెట్రోలు నాది, ఫోను నాది, మరి యజమాని ఎలా అయ్యాడు వాడు? ఉత్పత్తి సాధనాల గురించి గంటసేపు చెప్పినా రాని ప్రశ్న ఇది. ఆర్డర్లు పంచే యాప్, కొనేవాళ్ళ జాబితా, రేటింగు అవతలివాడి చేతిలో ఉన్నాయన్నది దానికి జవాబు. బండి సొంతమైనంత మాత్రాన ఎవరూ స్వతంత్రులు కారు.

రెండో తరగతి బస్టాండులో పెట్టొచ్చు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి గుంటూరు వెళ్ళే బస్సుల్ని కాసేపు గమనిస్తే చాలు. ఒకటి ఆర్టీసీ సొంత బస్సు, డ్రైవరూ ఆర్టీసీ మనిషే. ఇంకొకటి అద్దె బస్సు. బండి, డ్రైవరు ప్రైవేటు యజమాని వాళ్ళు. కండక్టరు ఆర్టీసీ ఉద్యోగి. యజమానికి కిలోమీటరు లెక్కన సంస్థ డబ్బు కడుతుంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్ళకు ఇచ్చేది జీరో టికెట్. ఇప్పుడు అడగండి: ఇందులో సోషలిజం ఏది? నూటికి తొంభై మంది జీరో టికెట్ అంటారు. అది సంక్షేమం. మంచిదే, కాలేజీకి రాలేని ఎందరో అమ్మాయిల్ని బస్సెక్కించే పథకం. అయినా సోషలిజం అడిగేది బస్సు ఎవరి సొంతమని, ఆ సంగతి దానితో తేలదు. అద్దె బస్సులోనూ జీరో టికెట్ చెల్లుతుంది, కిలోమీటరు లెక్కన వచ్చే డబ్బులో ఖర్చులు పోను మిగిలేది మాత్రం దాని యజమానిదే. ఉచిత పథకాలన్నీ సోషలిజమేనని పొగిడేవాళ్ళూ, అదే మాటతో తిట్టేవాళ్ళూ ఒకే తప్పు చేస్తున్నారు.

పుస్తకాల విషయంలో ఎక్కువ చెప్పం. మార్క్స్, ఎంగెల్స్ రాసిన 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళిక చిన్నదే, నాలుగు ఆదివారాల్లో అయిపోతుంది. మార్క్స్ ‘పెట్టుబడి’ గ్రంథం మొదటి సంపుటాన్ని మొదటి అధ్యాయం నుంచి పట్టుకుంటే సరుకు, విలువ దగ్గరే సగంమంది జారుకుంటారు. పదో అధ్యాయం, పనిదినం గురించినది, ముందు చదివించండి. ఇంగ్లండు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలతో నిండిన అధ్యాయం అది. మన దగ్గర దానికి సరిపోయే ఉదాహరణ సిద్ధంగా ఉంది: రోజుకు గరిష్ఠ పనిగంటల్ని 9 నుంచి 10కి పెంచాలని 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నూటయాభై ఏళ్ళ నాటి పుస్తకం పాతబడినట్టు అనిపించదు. తరగతికి పదిహేను పేజీలు మించొద్దు. పది పన్నెండు మంది దాటితే రెండు బృందాలు చేయాలి. లేకపోతే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. ఆ ఇద్దరూ మగవాళ్ళే అవుతారు, సాధారణంగా రిటైరైనవాళ్ళు కూడా. ప్రతివారం చదివి వినిపించేవాళ్ళను మార్చాలి. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకు ఆపేయాలి. ఎనిమిదింటిదాకా సాగదీస్తే హాస్టల్ అమ్మాయిలు మానేస్తారు, అది వాళ్ళ నిరాసక్తత అని నిర్వాహకులు రాసుకుంటారు.

గుంటూరు జిల్లా పిల్లలు మొదటి రోజే కులం ప్రశ్న వేస్తారు. వేయాలి కూడా. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985లో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991లో దళితుల ఊచకోతలు జరిగిన నేల ఇది. వర్గం తేలితే కులం దానంతటదే పోతుందన్న పాత జవాబు చెబితే వాళ్ళు మళ్ళీ రారు, రాకపోవడమే న్యాయం. డాక్టర్ అంబేద్కర్ 1947లో రాజ్యాంగ సభ ముందుకు తెచ్చిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ పత్రాన్ని ఇక్కడ చదవాలి. కీలక పరిశ్రమలు ప్రభుత్వానివి కావాలనీ, బీమా పూర్తిగా ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండాలనీ, సాగుభూమిని ప్రభుత్వమే తీసుకుని సమష్టి వ్యవసాయానికి ఇవ్వాలనీ అందులో ఉంది. అదే అంబేద్కర్ 1948 నవంబరులో, రాజ్యాంగంలో సోషలిస్టు అన్న మాట చేర్చాలన్న రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా సవరణను వ్యతిరేకించారు: ఏ ఆర్థిక వ్యవస్థ కావాలో ముందుతరాలే తేల్చుకోవాలి, పైగా ఆదేశిక సూత్రాల దిశ ఎలాగూ అదే అని. ఆ మాట పీఠికలోకి వచ్చింది 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, 42వ సవరణతో. దాన్ని తొలగించాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది. ఇంకో తమాషా: ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షను ప్రకారం సోషలిజానికి విధేయులమని రాసివ్వని పార్టీకి రిజిస్ట్రేషనే ఇవ్వరు. కాగితం మీద ఈ దేశంలో అందరూ సోషలిస్టులే.

సోవియట్ కూలిపోవడం, చైనాలో 1959–61 కరువు, మన దగ్గర లైసెన్సుల రాజ్యం, వీటిని దాటవేయకూడదు. దాటవేస్తే ఆ పిల్లలే ఇంటికెళ్ళి యూట్యూబ్‌లో చూసుకుని, మీరు దాచారని తేల్చుకుంటారు.

చదివాక ఏం చేయాలన్నది అందరూ అడిగేదే. రెండు దారులున్నాయి, రెంటికీ కాగితాలున్నాయి. మొదటిది యూనియన్. ఏడుగురు సంతకం పెడితే దరఖాస్తు వేయొచ్చు. ఆ సంస్థలో పనిచేసేవాళ్ళలో పది శాతమో, వంద మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఒకటికి మించి యూనియన్లున్నచోట 51 శాతం మద్దతున్నది ఏదైనా ఉంటే చర్చలకు అదొక్కటే కూర్చుంటుంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పదు. సగంమంది కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. ఇది తెలియక ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. యూనియన్లు చచ్చిపోయేది మాత్రం పోలీసు దెబ్బలకన్నా రశీదు పుస్తకం దగ్గర. చందా నెలనెలా వసూలు చేయరు, వార్షిక రిటర్ను దాఖలు చేయరు, రిజిస్ట్రేషను రద్దవుతుంది. డెలివరీ పనివాళ్ళ పరిస్థితి వేరు. కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో వాళ్ళ పేరు ఉన్నది సామాజిక భద్రత కోడ్‌లోనే. యాప్ కంపెనీలు వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం నిధికి కట్టాలి, అయితే పనివాళ్ళకిచ్చే సొమ్ములో అయిదు శాతానికి మించక్కర్లేదు. ఆ నిధి నుంచి ఏదైనా అందాలంటే ముందు కేంద్రం నడిపే అసంఘటిత కార్మికుల పోర్టల్ ఈ-శ్రమ్‌లో పేరు ఉండాలి.

రెండోది సహకార సంఘం. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది చాలు. ప్రభుత్వ వాటా ధనం ఉండదు కాబట్టి పెత్తనమూ తక్కువ. వాటా ఎంత పెద్దదైనా మనిషికి ఒకటే ఓటు. కేరళలోని ఊరాళుంగల్ సంఘం 1925లో పద్నాలుగు మంది కూలీలతో మొదలై ఈనాడు పెద్దపెద్ద రోడ్లు, వంతెనల పనులు చేస్తోంది. మనవాళ్ళు ఎక్కడ దెబ్బతింటారంటే, మొదటి బిల్లు రావడానికి మూడు నెలలు పడుతుందని లెక్క వేసుకోరు. ఆ మూడు నెలల కూలీకి సరిపడా నిలవ లేకుండా పని ఒప్పుకుంటారు. చివరికి వడ్డీకి తెస్తారు. నిలదొక్కుకున్న సంఘాలకు ఇంకో జబ్బు ఉంది: పని పెరిగాక కొత్తవాళ్ళను సభ్యులుగా చేర్చుకోకుండా రోజుకూలీకి పెట్టుకోవడం. అప్పుడు పది మంది యజమానులున్న మామూలు కంపెనీయే మిగులుతుంది. ఎన్నాళ్ళు పనిచేస్తే సభ్యత్వం ఇస్తారో నియమావళిలో మొదటే రాసుకోవాలి.

మీ పత్రికకు ఒక మనవి. బంగారం ధర రోజూ వేస్తున్నారు. రాష్ట్రంలో కనీస వేతనాల మీద కరువు భత్యం ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మారుతుంది. దుకాణాలు, హోటళ్ళు, ఆసుపత్రులు, సెక్యూరిటీ, ఈ నాలుగు రంగాల పట్టిక అయినా నైపుణ్యాల వారీగా, ఏ జోనుకు ఎంతో స్పష్టంగా, ఆ రెండు నెలల్లో జిల్లా పేజీలో ప్రచురించండి. పక్కనే ఫిర్యాదు చేయాల్సిన కార్మిక శాఖ కార్యాలయం చిరునామా కూడా వేస్తే ఇంకా మంచిది.

– ఆదివారం అధ్యయన తరగతుల నిర్వాహకులు,
విజయవాడ