వార్షిక నివేదిక 2024–25: మొదలుపెట్టినవి తొమ్మిది, పూర్తయినవి నాలుగు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ నివేదిక ఉగాదికే మీ చేతికి రావాల్సింది. ఆలస్యానికి కారణం నేనే. మనం చేసేది కంప్యూటర్ ఆటలకు సొంతంగా మిషన్లు కట్టడం, అంటే ఉన్న ఆటలోనే ఆడుకోవడానికి కొత్త కథో కొత్త చోటో చేర్చడం. పూర్తయిన ప్రతి మిషన్‌నూ చివరిదాకా ఆడాకే దాని గురించి రాయాలని పట్టుబట్టాను. వాటిలో ఒకదాని దగ్గర పదకొండు రోజులు ఇరుక్కుపోయాను. ఆ భాగోతం తర్వాత చెబుతాను.

ముందు లెక్క. పోయినేడు 34 మందిమి, ఇప్పుడు 41 మందిమి. తొమ్మిది మిషన్లు మొదలుపెట్టాం, నాలుగు పూర్తయ్యాయి. మిగిలిన ఐదింటిలో రెండు మూలన పడ్డాయి. రెండు దసరా నుంచీ "ఇదిగో, అయిపోవచ్చిందన్నా" దగ్గరే ఉన్నాయి. ఒకటి హార్డ్ డిస్క్‌తో సహా పోయింది. ఇది కరువు పంట అని కోశాధికారి అంటున్నాడు. నాకలా అనిపించలేదు. ఈ పనిలో చేయి పెట్టినవాళ్లకు తెలుసు, నలభై నిమిషాలు ఆడే మిషన్ తయారుకావడానికి నాలుగైదు నెలలు పడుతుంది, అదీ ఉద్యోగమో చదువో చూసుకున్నాక మిగిలిన రాత్రుల్లో.

కొత్తగా చేరిన ఒక తమ్ముడి వాళ్ల అవ్వ అతన్ని అడిగిందట: "కంపెనీ వాడు ఆట చేసిచ్చినాడు కదా నాయనా, మళ్లా నువ్వు చేసేదేంది?" జీతం లేదు, సర్టిఫికెట్ లేదు, కరెంటు బిల్లు మాత్రం ఉంది. ఆమె అడిగింది న్యాయమే. ఈ నివేదికలో సగం ఆమెకు జవాబనుకోండి.

ఈ పిచ్చి మనతో మొదలైంది కాదు. 1993లో డూమ్ అనే ఆట వచ్చినప్పుడు దాని స్థాయిలు, బొమ్మలు, చప్పుళ్లు అన్నీ అసలు ప్రోగ్రామ్‌లో కలిపేయకుండా వాడ్ అనే వేరే ఫైల్లో పెట్టారు. ఆ ఫైలు మార్చితే ఆటే మారిపోతుంది. జనం ఊరుకుంటారా? ఎడిటర్లు, అంటే స్థాయిలు కట్టుకునే ప్రోగ్రాములు, వాళ్లే రాసుకుని సొంత స్థాయిలు కట్టేశారు. ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. 1998లో వచ్చిన థీఫ్ అనే ఆట సంగతి ఇంకా విచిత్రం. దాన్ని చేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ 2000లో మూతపడింది. కంపెనీ పోయినా ఎడిటర్ జనం చేతిలో ఉండిపోయింది. పాతికేళ్లుగా అభిమానులు దానికి మిషన్లు చేస్తూనే ఉన్నారు. కొత్త కంప్యూటర్లలో ఆ ఆట సరిగా నడవక ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, 2012లో ఎవరో మారుపేరుతో ఒక ప్యాచ్, అంటే ఆటను సరిచేసే ఫైలు, వదిలారు. ఎవరో ఏమిటో చెప్పలేదు, దండలు వేయించుకోలేదు. మన కోశాధికారికి ఈ ఒక్క విషయం మాత్రం ఎంత చెప్పినా మింగుడుపడదు.

ఇక మన ఇంటి సంగతులు.

ఈ ఏడాది అందరి నోళ్లలో నానింది "మూట". రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో చేసిన మిషన్ ఇది. 1999లో వచ్చిన ఆ ఆట పెట్టెలోనే సినారియో ఎడిటర్ ఉంది. మనలో ముప్పై దాటినవాళ్లం నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బు కట్టి ఆడింది ఆ ఆటే. 2022లో దానికి ద్రావిడులు అనే జట్టు వచ్చి చేరాక మళ్లీ అందరికీ ఊపు వచ్చింది. మిషన్ చేసిన సభ్యుడిది చంద్రగిరి. రోజూ కోట పక్కనుంచే బడికి వెళ్లినవాడు.

కథ 1614 నాటిది. విజయనగర రాజు రెండో వెంకటపతి పోయాక జగ్గరాయుడు అనే సామంతుడు రాజకుటుంబాన్ని వేలూరు కోటలో బంధించాడు. పన్నెండేళ్ల రాకుమారుణ్ణి ఎలాగైనా బయటికి తేవాలని రాజు పక్షాన నిలిచిన యాచమ నాయకుడి పంతం. లోపలికీ బయటికీ అడ్డు లేకుండా తిరిగేది బట్టలు ఉతికే మనిషి ఒక్కడే. అతను మాసిన బట్టల మూటలో పిల్లవాణ్ణి పెట్టుకుని కాపలావాళ్ల ముందునుంచే బయటికి నడిచి వచ్చాడు. తర్వాత లోపల మిగిలినవాళ్లందరినీ చంపేశారు, తోపూరు దగ్గర పెద్ద యుద్ధం జరిగింది, మూటలో వచ్చిన ఆ పిల్లవాడే రామదేవరాయలుగా గద్దెనెక్కాడు. 1616లో బరదాస్ అనే పోర్చుగీసు పాదిరి రాసిన ఉత్తరంలో ఈ మూట సంగతి ఉంది. అందులో రాజు పేరుంది, నాయకుడి పేరుంది. మూట మోసినవాడి పేరు లేదు.

మన సభ్యుణ్ణి పట్టుకున్నది అదే. "యుద్ధం మిషన్ ఎవడైనా చేస్తాడు. ఆ మూట బరువు ఎంతుంటుందో నాకు కావాలి," అన్నాడు మొదటి మీటింగులోనే. కథ వేలూరు కోటది, మిషన్‌లో గోడలు మాత్రం చంద్రగిరివి. ఎందుకంటే తను అడుగులతో కొలిచి చూసుకోగలిగింది అదే. రాజమహల్ ముందు అటూఇటూ నడుస్తూ నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే ఎవరో వచ్చి "సర్వేనా సార్?" అని అడిగారట.

ఎడిటర్‌లో ట్రిగ్గర్ అని ఒకటుంటుంది. 'ఇది జరిగితే అది జరగాలి' అని ఆటకు ముందే చెప్పిపెట్టే మాట అది. ఇక్కడే అతనికి చిక్కొచ్చింది. కాపలావాళ్లను శత్రువులుగా పెడితే చాకలి కనబడగానే నరికేస్తారు. మిత్రులుగా పెడితే ఏం చేసినా పట్టించుకోరు. కథలోనేమో వాళ్లు అనుమానపడాలి, కానీ వెంటనే కాదు. నెల రోజులు కొట్టుకుని చివరికి దారి దొరికించాడు: మొదట మిత్రులు, ఆడవాళ్ల లోగిలి దాటి ఒక్క అడుగు పక్కకు వేస్తే ట్రిగ్గర్ పేలి శత్రువులైపోతారు. చాకలి తన దారిన తాను పోతున్నంతసేపూ ఎవరూ చూడరు, దారి తప్పితే చచ్చాడే. "బయట కూడా అంతే కదన్నా," అన్నాడు. ఆ మాట చెప్పి ఊరుకున్నాడు, నేనూ ఏమీ అనలేదు.

పరీక్షించడానికి మన సభ్యుడొకరి మేనల్లుణ్ణి కూర్చోబెట్టాం. ఏడో తరగతి. మన నియమం తెలుసు కదా: ఆడేవాడు ముందు, చేసినవాడు వెనక, చేసినవాడు నోరు తెరవకూడదు. పిల్లవాడు మూట తీసుకున్నాడు. గుమ్మం వైపు వెళ్లలేదు. తోటలోకి వెళ్లి చెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ ఆటలో పనివాడు ఎవడైనా చెట్టు కొట్టగలడు, చాకలి అయినా సరే. వెనక నిలబడినవాడు పెదవి కొరుక్కుంటున్నాడు. అంతటితో ఆగలేదు. ఆట మొదట్లో ఆటగాడి ఖాతాలో కొంత కలప ఉంటుంది, దాన్ని సున్నా చేయడం మనవాడు మరిచిపోయాడు. పిల్లవాడు ఆ కలపతో ఇద్దరు కాపలావాళ్ల చుట్టూ కొయ్య కంచె కట్టేశాడు. వాళ్లు ఇంకా మిత్రులే కదా, నిలబడి చూస్తున్నారు. కంచె పూర్తయ్యాక వాడు నింపాదిగా గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

మేడ మీద అరుపులకు కింద అద్దెకుండేవాళ్లు పైకొచ్చి చూశారు.

చేసినవాడి ముఖం నేను చూశాను. ఐదు నెలల పని, రెండు వందలకు పైగా ట్రిగ్గర్లు, ఒక పిల్లవాడు ఆరు నిమిషాల్లో పక్కనుంచి దాటి వెళ్లాడు. ఏడుస్తాడేమో అనుకున్నా. నవ్వుతున్నాడు. ఆ రాత్రే కలపను సున్నా చేస్తాడనుకుంటే అదీ చేయలేదు. కొంచెం తగ్గించి, ఒక్కడి చుట్టూ కంచె కట్టడానికి సరిపోయేంత ఉంచాడు. అవ్వకు చెప్పవలసిన జవాబు ఆ ముఖంలో ఉంది. తను కట్టిన ఇంట్లో ఇంకొకడు తిరుగుతుంటే, తనకే తెలియని తలుపు వాడు తీస్తుంటే వెనక నిలబడి చూడటం. అందుకోసమే ఇన్ని రాత్రులు.

ఇప్పుడు నా పదకొండు రోజుల సంగతి. థీఫ్ తరహాలో చీకట్లో నక్కి ఆడే ది డార్క్ మాడ్ అని ఉచితంగా దొరికే ఆట ఉంది. మొదట డూమ్ 3 ఉంటేనే నడిచేది, 2013 నుంచి అది లేకుండానే నడుస్తుంది. అందులో మన సభ్యురాలొకరు గోవిందరాజస్వామి గుడి వీధుల్లో ఒకప్పుడు ఉండేలాంటి పాత ఇల్లు కట్టారు. తిన్నెలు, నడవ, మధ్యలో వాన పడే హజారం, పైన మిద్దె. ఈ ఆటల్లో నేలను బట్టి అడుగుల చప్పుడు మారుతుంది. రాతి మీద టకటక, తివాచీ మీద నిశ్శబ్దం. తివాచీ చప్పుడు తీసుకుని ఆవిడ చాపలకు పెట్టారు. ఎవరు ఎక్కడ చాప వేసుకుని పడుకున్నారో చూసుకుంటూ, ఆ చాపల అంచుల మీదుగా నడవాలి. అంత చక్కగా ఉంది. కానీ వెనక గది తాళంచెవి నాకు దొరకలేదు. అల్మరాలు, పెట్టెలు, పరుపుల కింద అన్నీ వెతికాను. పన్నెండో రోజు మా ఇంట్లో మా ఆవిడ బయటికి వెళ్తూ తాళంచెవి తులసికోట గూట్లో పెట్టింది. నేను అక్కడే నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే, యాభై ఏళ్లొచ్చాయి.

పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో ఆడేవాడికి తులసికోట ఎలా తడుతుంది, ఒక సూచన పెట్టండి అని కమిటీలో కొందరన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్ల మిషన్లలో ఫైర్‌ప్లేస్ పక్క రాయి జరపాలని మనకెవరు చెప్పారు, మనం నేర్చుకోలేదా అన్నారు. నేను ఆవిడ పక్షం. మా పక్షం ఓడిపోయింది. సూచన పెట్టారు, చాలా చిన్నది.

మూడోది ఘాట్ రోడ్డు. లారీ నడిపే ఆట యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 మ్యాప్ ఎడిటర్‌లో తిరుమల మలుపులు, సప్తగిరి బస్సు రంగులు, టైముకు అలిపిరి చేరాలనే షరతు. అది మిషనా, ఉత్త రోడ్డా అని గంటసేపు వాదన జరిగింది, తేలలేదు. తేలింది మాత్రం ఒకటి: 1974లో వచ్చిన రెండో ఘాట్ ఎక్కడానికి, 1944 నాటి మొదటిది దిగడానికి. కుర్రాళ్లు తారుమారు చేసి పెట్టారు. ఊళ్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. సరిచేశారు. నాలుగోది ఆర్మా 3 అనే సైనిక ఆటలో వరద సహాయం మిషన్. బాగుంది, చిన్నది, హెలికాప్టర్ దించడం మాత్రం నావల్ల కాలేదు.

డబ్బు మాట. ఒక్కో మిషన్‌కు 20 రూపాయలు పెడదామని సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. దీని మీద వేడిగానే చర్చ జరిగింది. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ ఆటకు అభిమానులు చేసినవి స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో అమ్మకానికి పెట్టారు, చేసినవాడి వాటా 25 శాతం. గొడవ ఎంత లేచిందంటే వారం తిరక్కముందే ఎత్తేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చారు. అదే సమావేశంలో, కౌంటర్ స్ట్రైక్ అనే ఆట 1999లో ఇద్దరు కుర్రాళ్లు హాఫ్ లైఫ్ అనే ఆట మీద సరదాకు చేసిందే అని, తర్వాత హాఫ్ లైఫ్ చేసిన వాల్వ్ కంపెనీ వాళ్లే పిలిచి తీసుకున్నారని గుర్తుచేసినవాళ్లూ ఉన్నారు. నిజమే. ఆ ఆశతో చేసేవాళ్లను తప్పుపట్టను, ఇంట్లో చెప్పుకోవడానికి ఒక కారణం కావాలి కదా. మన దగ్గర ఆ దారిన ఉద్యోగం వచ్చినవాళ్లు ఇంకా ఎవరూ లేరు. ఓటింగ్‌లో 20 రూపాయలు వీగిపోయింది. డబ్బు పెడితే తప్పులు చూపినవాడు కస్టమర్ అయిపోతాడు, ఇప్పుడైతే తమ్ముడే అని ఒక పెద్దాయన అన్న మాటకు ఎక్కువ చేతులు లేచాయి.

లోపాలు కూడా రాయాలి. ఆట రోజుకు బైరాగిపట్టెడలో ఒక హాలు మాట్లాడుకున్నాం, అడ్వాన్స్ ఇచ్చాం. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, ఎవరిదో సీమంతం ఉంది, మీరు ఇంకో ఆదివారం చూసుకోండి అన్నారు. కంప్యూటర్లు ఆటోలో వేసుకుని కొర్లగుంటలో మన సభ్యుడి మేడ మీదికి ఎక్కించాం. అడ్వాన్స్ సగమే తిరిగొచ్చింది. అంతకన్నా పెద్ద లోపం మనది. చేసేవాళ్లం చేస్తున్నాం, ఆడేవాళ్లు లేరు. పూర్తయిన నాలుగింటినీ ఆడినవాళ్లు 41 మందిలో ఆరుగురు. వండినవాడికి విస్తరి ముందు ఎవరూ కూర్చోకపోతే ఎట్లా? ఆగిపోయిన రెండు మిషన్లు చేసిన ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ అన్నదొకటే: "ఎవరు ఆడతారన్నా?"

అందుకని కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. తన మిషన్ చూపించాలనుకునేవాళ్లు ముందు ఇంకో ఇద్దరివి చివరిదాకా ఆడి రావాలి. నచ్చలేదని చెప్పొచ్చు, ఆడలేదని చెప్పకూడదు. హార్డ్ డిస్క్ పోయినవాడి గురించి కూడా: ఇకమీద ప్రతి నెలా ఒక కాపీ సంఘం పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

ఖర్చులు కోశాధికారి విడిగా చదువుతాడు. అందులో ఉడకబెట్టిన చెనిక్కాయల పద్దు చూసి ఎవరూ కంగారుపడొద్దు, అది రెండు ఆట రోజులది.

వచ్చే సమావేశం రెండో ఆదివారం సాయంత్రం, అదే మేడ మీద. ఆగిపోయిన మిషన్లున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు పట్టుకురండి, తలుపులు లేకపోయినా, సగం గోడలే ఉన్నా. ఆ ఏడో తరగతి పిల్లవాడు కూడా వస్తానన్నాడు. వాడి ముందు పెట్టే ముందు కలప ఎంతుందో ఒకసారి చూసుకోండి.

కార్యదర్శి,
తిరుపతి